ఎవరు చెయ్యెత్తినా

క్రేన్ పనిలో ఒక నియమం ఉంది. ఎత్తు, దించు, కుడికి తిప్పు, ఎడమకి తిప్పు అనే సైగలన్నీ ఒక్కడే ఇవ్వాలి. ఆ పనికని పెట్టిన సిగ్నల్‌మ్యాన్ తప్ప ఇంకెవరు చేతులూపినా ఆపరేటరు కన్నెత్తి చూడకూడదు, కంపెనీ యజమాని స్వయంగా వచ్చి ఊపినా సరే. ‘ఆపు’ అనే సైగ మాత్రం ఎవరైనా ఇవ్వచ్చు. సిమెంటు మోసే ఆవిడ చెయ్యెత్తినా ఆపాలి, దారినపోయే దానయ్య చెయ్యెత్తినా ఆపాలి. ఎందుకెత్తావని అడగడం తర్వాతి సంగతి. ఈ నియమం వల్ల ఎందరి ప్రాణాలు నిలబడ్డాయో చెప్పలేం. అంత మంచి నియమాన్ని మూటగట్టి ఇంటికి తెచ్చుకుని, దానికింద తానే ఇరుక్కుపోయిన ఒక మహానుభావుడి కథ ఇది.

ఆరోజు ఉదయం ఆ మహానుభావుడు, అంటే మన క్రేన్ ఆపరేటరు, సోఫాలోంచి లేచి నడక మొదలుపెట్టాడు. హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి తొమ్మిది అడుగులు. అయిదో అడుగు పడుతుండగా వంటింటి గుమ్మంలో అత్తగారి చెయ్యి లేచింది. అరచెయ్యి అతనివైపు, వేళ్ళు పైకి, అచ్చం నేర్పినట్టే. అతను ఠక్కున ఆగిపోయాడు.

“ఏమైందండీ?”

“నేల తడిగా ఉందేమోనని బాబూ.”

“ఉందా?”

“లేదు. తుడిచి గంట దాటింది. అయినా చెప్పలేం కదా.”

మళ్ళీ మొదలుపెట్టాడు. మూడో అడుక్కి కూతురి చెయ్యి లేచింది. పాలిటెక్నిక్ చదివే ఆ పిల్ల రెండో చేతిలో ఫోను, ఫోన్లో తండ్రి మణికట్టుకి కట్టిన గడియారం పంపే అంకెలు. “నాన్నా, నూట నాలుగు కొట్టుకుంటోంది. తొంభైకి దిగనీ,” అంది. దిగనిచ్చాడు. దిగేసరికి భార్య బడికి బయల్దేరుతూ వచ్చింది, చేతిలో సంచీ, చంకలో గొడుగు. అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, కారణం కూడా చెప్పకుండా చెయ్యెత్తింది. ఆమె చిన్నపిల్లల టీచరు. ముప్ఫైమంది నాలుగేళ్ళవాళ్ళని ఒక్క అరచేత్తో నిలబెట్టే మనిషికి మొగుడొక లెక్కా?

“కూర్చోండి,” అంది.

కూర్చున్నాడు. ఉదయం నడక అయిపోయింది. మొత్తం ఎనిమిది అడుగులు.

అప్పటికి గుండె ఆపరేషనై ఆరు వారాలు. ఇంకో ఆరు వారాల్లో ఆస్పత్రిలో పరీక్ష ఉంది. ముప్ఫై మీటర్ల నడవాలో ఆరు నిమిషాల పాటు అటూ ఇటూ నడవాలి. నాలుగు వందల మీటర్లు దాటితే అతన్ని మళ్ళీ క్రేన్ ఎక్కించే సంగతి కంపెనీ ఆలోచిస్తుంది. దాటకపోతే స్టోరు రూములో కూర్చోబెడుతుంది. స్టోరు అంటే సైటు వెనక రేకుల గది. కిటికీ లేదు. పట్టపగలు ట్యూబులైటు వెలుగుతుంది. కొక్కేలు, గొలుసులు, నైలాను పట్టీలు గూళ్ళ నిండా వేలాడుతుంటాయి, అడిగినవాడికి అందివ్వడం, తెచ్చినవాడి దగ్గర పుచ్చుకోవడం అక్కడి ఉద్యోగం. అందులోకి వెళ్ళిన ఆపరేటరు ఎవడూ తిరిగి పైకి వచ్చింది లేదు. కిందటిసారి వెళ్ళినాయన, నడుం పోయినవాడు, రెండేళ్ళలో ఆ గొలుసుల మధ్య ఇంకో గొలుసైపోయాడు.

మనవాడు పంతొమ్మిదేళ్ళుగా పైన బతికినవాడు. పాతిక అంతస్తుల ఎత్తున, స్నానాల గదంత అద్దాల కేబిన్లో, రోజుకి పది గంటలు. అంత ఇరుకులో ఊపిరెలా ఆడుతుందని చుట్టాలు అడిగితే నవ్వేసేవాడు. అతనికి ఊపిరాడేది అక్కడే. నాలుగు వైపులా ఆకాశం, కాళ్ళకింద కూడా అద్దమే, పిలిచేవాడు లేడు, సలహా చెప్పేవాడు లేడు. సైటులో అందరూ అతన్ని ‘పైవాడు’ అనేవాళ్ళు. “పైవాడు కరుణిస్తే గానీ మన పని కదలదురా,” అని మేస్త్రీలు వేళాకోళం చేస్తుంటే పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేవాడు.

ఒక ఉదయం నిచ్చెన ఎక్కుతూ మూడో మజిలీ దగ్గర ఆగి, ఎడమ చెయ్యి లాగుతోందని దిగిపోయాడు. దిగి, కింద ఇసుక బస్తా మీద కూర్చుని, “గ్యాసు బావా,” అన్నాడు సిగ్నల్‌మ్యాన్‌తో. సిగ్నల్‌మ్యాన్ ఆ మాట నమ్మకుండా అంబులెన్సు పిలిచాడు కాబట్టి ఇప్పుడీ కథ చెప్పుకుంటున్నాం.

ఛాతీ ఎముకని నిలువునా కోసి, కాలిలోంచి తీసిన రక్తనాళాలు గుండెకి అతికించి, ఎముకని మళ్ళీ స్టీలు తీగతో కట్టారు. మూడో రోజు సర్జన్ గారు మంచం దగ్గరికొస్తే అతను అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఎన్ని చుట్లు వేశారండీ? తెగే బరువెంత?” సర్జన్ గారు పడీ పడీ నవ్వారు. “ఎముక అతుక్కున్నాక ఆ తీగతో పనే లేదు, హాయిగా నడవండి,” అన్నారు. పక్కనున్న నర్సులూ నవ్వారు. అతను నవ్వలేదు. అతని వృత్తిలో తీగ అంటే రోజూ పొద్దున్నే చేత్తో తడిమి చూసుకోవలసిన వస్తువు. ఒక్క పోగు లేచినా ఆ తాడు పారేస్తారు. కంటికి కనపడని తీగని అతను జన్మలో నమ్మలేదు. ఇప్పుడు అలాంటిది సొంత ఛాతీలోనే ఉంది. ఆ భయం గుండెకి వేసిన కుట్లకన్నా లోతుగా దిగింది. ఎవరికీ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళు భయం లేనివాడని పేరు తెచ్చుకుని, ఇప్పుడు ఏ మొహంతో చెబుతాడు?

ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి, అందరూ ఫిజియో అంటారు, ఒక కాగితం ఇచ్చింది. రెండు లీటర్ల నీళ్ళ సీసా కన్నా బరువు ఎత్తొద్దు. తలుపు తొయ్యొద్దు, లాగొద్దు. చేతులు తలపైకి ఎత్తొద్దు. దగ్గొస్తే దిండుని ఛాతీకి హత్తుకుని దగ్గండి. వెల్లకిలా తప్ప పడుకోవద్దు. ఇన్ని ‘వద్దు’ల మధ్య ఒకే ఒక్క ‘చెయ్యండి’ ఉంది. నడవండి. రోజుకి నాలుగుసార్లు, అయిదేసి నిమిషాలు, వారానికి కొంచెం కొంచెం పెంచుతూ. మాట్లాడుతూ నడవగలిగినంత మెల్లగా.

ఇల్లు చేరిన సాయంత్రమే అతను భార్యనీ కూతుర్నీ అత్తగారినీ సోఫాలో వరసగా కూర్చోబెట్టి క్లాసు తీసుకున్నాడు. “ఎత్తడం, దించడం మీకక్కర్లేదు. ఇదొక్కటి నేర్చుకోండి. నాకేదైనా తేడాగా ఉందని ఎవరికి అనిపించినా చెయ్యి ఇలా ఎత్తండి. నేను ఆగిపోతాను. ఎందుకని అడగను. ఇది మా సైటు రూలు.” నవ్వుతూనే చెప్పాడు. వాళ్ళు మాత్రం వేదవాక్కులా పుచ్చుకున్నారు. అత్తగారైతే అద్దం ముందు నిలబడి చెయ్యెత్తడం సాధన చేసింది.

ఇక చూడండి తమాషా. దగ్గితే చెయ్యి. తుమ్మొచ్చేలా ఉంటే ముందుగానే చెయ్యి. కిటికీలోంచి గాలొస్తే చెయ్యి. కూతురు ఒకరోజు లెక్కపెట్టింది, పదిహేడుసార్లు. అతను పదిహేడుసార్లూ ఆగాడు. నడక కాస్తా నాలుగడుగుల ముక్కలైపోయింది. గుమ్మం దాటదామంటే గుమ్మం పక్కనే అత్తగారి కుర్చీ. స్నానానికి వెళ్తే గడియ పెట్టకూడదు, బయట ఎవరో ఒకరు నిలబడి ప్రతి రెండు నిమిషాలకీ “ఉన్నారా?” అని అడుగుతారు. ఎక్కడికి పోతాడు పాపం? పడుకుంటే కప్పు తప్ప ఇంకేమీ కనపడదు. ఆ కప్పు మీద ఒక చెమ్మ మరక ఉంది. ఆరు వారాల్లో దాని అంచులన్నీ కంఠతా వచ్చేశాయి.

అన్నిటికన్నా ఘోరం కిటికీ. ఊచల సందులోంచి, రెండు వీధుల అవతల, అతని క్రేన్ కనిపించేది. ఇప్పుడు అందులో ఎవడో కొత్తవాడున్నాడు. లోడు ఊగిసలాడుతుండగానే తిప్పేస్తున్నాడు. “ఆగరా, ఊపు తగ్గనీ, ఊపు తగ్గనీ,” అని ఊచలు పట్టుకుని గొణిగేవాడు. ఊచలు పట్టుకుంటే ఛాతీ లాగుతుందని అత్తగారు వెనకనుంచి చెయ్యెత్తేది. వెనక్కి తిరక్కుండానే ఆ సంగతి తెలిసిపోయేది. కిటికీ వదిలేసి వచ్చి కూర్చునేవాడు. ఇంట్లో ఉన్నవాళ్ళంతా అతన్ని ప్రేమిస్తున్నారు. ఆ ప్రేమే గోడై నిలబడితే ఎవరిమీద అరవాలో అతనికి తెలియలేదు.

ఏడో వారం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఫిజియో అమ్మాయి అతన్ని నడవాలో నడిపించి, చూసి, రాసుకుంది. ఆరు నిమిషాల్లో నూట తొంభై మీటర్లు. కలం పక్కన పెట్టింది.

“ఇంట్లో నడుస్తున్నారా?”

“నడుస్తున్నారండీ, రోజూ,” అంది భార్య.

“ఆపకుండా ఎంతసేపు?”

భార్య వేళ్ళమీద లెక్కపెట్టబోయి చెయ్యి దించేసింది.

“చూడండి,” అంది ఆ అమ్మాయి, “గుండె బాగుంది. ఎముక అతుకుతోంది. కాళ్ళే, పనిలేక సన్నబడిపోయాయి. అయిదడుగులకోసారి ఆగితే అది నడక కిందికి రాదు. ఇలాగే ఉంటే నాలుగు వందలు కల్ల. మీ ఇష్టం.”

 ఇంటికొచ్చే దారిలో కారులో అతనికి స్టోరు రూములో ట్యూబులైటు గుయ్యిమనే చప్పుడు చెవిలో వినిపిస్తూనే ఉంది.

ఆ వారం సెలవురోజున సిగ్నల్‌మ్యాన్ వచ్చాడు. ఎండలో నల్లబడి, అరుపులకి గొంతు బొంగురుపోయిన మనిషి. పంతొమ్మిదేళ్ళుగా ఒకడు పైన, ఒకడు కింద. చుట్టరికం లేకపోయినా ‘బావా’ అనే పిలుపు ఎప్పుడో స్థిరపడిపోయింది. భార్య ఏదో మీటింగుకని బడికి వెళ్ళింది. అత్తగారు కునుకు తీస్తోంది. నూట తొంభై అన్న మాట విని సిగ్నల్‌మ్యాన్ కళ్ళు చిట్లించాడు.

“పద బావా, బయట వసారాలో నడుద్దాం.”

“కొంపమునిగిపోతుంది. మా అత్తగారు లేస్తే?”

“లేచాక చూద్దాం. పద.”

ఫ్లాట్ల ముందు వసారా పొడవు పద్నాలుగు అడుగులు. అటు కొసన సిగ్నల్‌మ్యాన్ నిలబడ్డాడు. ఇటు కొసన అతను. సిగ్నల్‌మ్యాన్ కుడిచేత్తో ముందుకి రమ్మని సైగ చేస్తూ, ఎడమ అరచెయ్యి దానిపైన కదలకుండా గొడుగులా పట్టాడు. వాళ్ళ భాషలో దానర్థం ‘మెల్లగా’. అద్దాల పలకలు ఎత్తేటప్పుడు వాడే సైగ అది. అతని కాళ్ళు బుర్రని అడక్కుండానే బయల్దేరాయి.

“అట్టా దబ్బుమని వెయ్యకు. అద్దం పలక దించుతావే, దుమ్ము కూడా లేవకుండా, అట్టా దించు పాదాన్ని. మడమ ముందు. తర్వాత వేళ్ళు. ఆఁ, ఊగనివ్వకు.”

అతను దించాడు. మడమ, వేళ్ళు. మడమ, వేళ్ళు. ఛాతీలో ఏమీ కుదపలేదు. కొస చేరాడు, తిరిగాడు. మళ్ళీ వచ్చాడు.

“కొత్తోడెలా ఉన్నాడు?” అని అడిగాడు నడుస్తూనే.

“కుర్రోడు, దూకుడు. నిన్న ఇనప కడ్డీల కట్ట పూనకమొచ్చినవాడిలా తిప్పి నా టోపీ ఎగరగొట్టాడు. నువ్వు లేక నా మెడ పట్టేసింది బావా, పైకి చూసి చూసి.”

మాటల్లో పడి ఎన్నిసార్లు తిరిగాడో తెలియలేదు. సిగ్నల్‌మ్యాన్ గడియారం చూసి పదకొండు నిమిషాలన్నాడు. అతని ఒళ్ళంతా చిరుచెమట. కళ్ళు చెమర్చాయి. బతికి ఉన్నానన్న సంగతి ఏడు వారాల తర్వాత కాళ్ళల్లోంచి తెలిసింది.

అప్పుడే మెట్లెక్కి భార్య వచ్చింది. వసారాలో మొగుణ్ణి, చెమటని చూసింది. గొడుగు జారవిడిచి చెయ్యెత్తింది. అతను ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాడు. ఆమె వచ్చి భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. “అన్నయ్యా, మీరు కూడానా?” అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సిగ్నల్‌మ్యాన్ అతని పక్కన కూర్చుని, గొంతు తగ్గించాడు. “బావా, వీళ్ళకి ఆ సైగ ఎవడు నేర్పాడు?”

“నేనే.”

“ఎందుకు?”

“రూలు కదా.”

“ఒకటి చెప్తాను, కోప్పడకు. గాలి ఎక్కువున్న రోజుల్లో నువ్వు వాకీటాకీలో ‘ఎవడో చెయ్యెత్తాడు, ఆపుతున్నా’ అనేవాడివి. గుర్తుందా?”

“ఉంది.”

“కింద ఎవడూ ఎత్తేవాడు కాదు. నాకు తెలుసు, నేనక్కడే ఉండేవాణ్ణి కదా. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నేనెవడికీ చెప్పలేదు. పైన నీకు భయమేస్తే కింద ఎవడి చెయ్యో లేచేది. ఇప్పుడు ఇంట్లో నిజం చేతులే పెట్టుకున్నావు.”

అతని మొహం ఎర్రబడింది. “నోర్ముయ్. లేచి పో.”

సిగ్నల్‌మ్యాన్ లేచి చెప్పులేసుకున్నాడు. “వచ్చే సెలవుకి వస్తాను,” అని మాత్రం అన్నాడు గుమ్మంలోంచి.

ఆ మధ్యాహ్నమంతా అతను కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. కోపం గంటలో చల్లారింది. చల్లారాక మిగిలింది సిగ్గు. ప్రతిసారీ ఏదో ఒక చెయ్యి లేవగానే తనలో ఎవడో ‘అమ్మయ్య’ అని ఊపిరి వదిలేవాడు. ఆ సంగతి అతనికి మొదటినుంచీ తెలుసు. తీగ తెగుతుందేమోనన్న భయం తనది. ఆగాలన్న కోరిక తనది. ఆపారన్న పేరు మాత్రం ఇంట్లోవాళ్ళది. భార్య తనని కట్టిపడేసిందని ఇన్నాళ్ళూ లోలోపల ఉడికిపోయాడు. తాడు తెచ్చి ఆమె చేతికిచ్చింది తనే.

మర్నాడు ఉదయం తలుపు తీసుకుని వసారాలోకి నడిచాడు. భార్య ఎదురొచ్చి చెయ్యెత్తింది. అతను ఆ చేతి పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. మడమ, వేళ్ళు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె మాట కాదన్న రోజులున్నాయి గానీ, ఆమె చెయ్యి కనపడనట్టు దాటిపోయింది అదే మొదటిసారి.

“నా చెయ్యి కనపడలేదా?”

“కనపడింది.”

“మరి?”

తన భయం సంగతి అప్పుడే చెప్పాల్సింది. నాలిక చివరిదాకా వచ్చింది. “ఇక ఎవరూ ఆపొద్దు, అంతే,” అని పుల్లవిరుపుగా అనేసి తిరిగిపోయాడు.

“సరే,” అంది ఆమె. “ఇక ఎత్తను.”

ఆ క్షణం నుంచి ఆమె మాటలు తగ్గిపోయాయి. మందులు వేళకి ఇచ్చేది, నీళ్ళు కాచేది, అడిగినదానికి అవుననో కాదనో చెప్పేది. అతను వసారాలోకి వెళ్ళగానే తలుపుకి వీపు పెట్టి కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుకునేది. అత్తగారు చేతులు రెండూ తొడలకింద పెట్టుకుని కూర్చునేది, పొరపాటున లేస్తాయేమోనని. కూతురు మాత్రం తల్లి చూడకుండా అంకెలు తెచ్చి చెవిలో ఊదేది. ఎవరూ ఆపని ఇల్లు కావాలనుకున్నాడు, దొరికింది. అది ముందుకన్నా ఇరుకుగా ఉంది.

అయినా నడక మానలేదు. పద్నాలుగు అడుగులు, మలుపు, పద్నాలుగు అడుగులు, మలుపు, బోనులో జంతువులాగే. ఎనిమిదో వారం పన్నెండు నిమిషాలు. తొమ్మిదో వారం పదిహేను, ఒక అంతస్తు మెట్లు, కమ్మీని ఊరికే తాకుతూ. సెలవురోజున సిగ్నల్‌మ్యాన్ ఏమీ జరగనట్టే వచ్చి వసారా కొసన నిలబడేవాడు. ఆ రోజుల్లో ఒకటి రెండుసార్లు ఛాతీలో చురుక్కుమంది. ఆగి, గోడకి ఆనుకుని, అరచెయ్యి గుండె మీద పెట్టుకుని నిలబడ్డాడు. తలుపు అవతల ఆమె వీపు ఉంది. పిలిస్తే వస్తుంది. పిలవలేదు.

పన్నెండో వారం. పరీక్షకి తోడు ఎవరో ఒకరుండాలన్నారు. ఆమె సెలవు పెట్టి వచ్చింది. నడవాలో రెండు కొసల్లోనూ రెండు నారింజరంగు శంకువులు పెట్టారు, ముప్ఫై మీటర్ల ఎడంలో. ఫిజియో అమ్మాయి గడియారం పట్టుకుంది.

“మీ వేగంలో మీరు నడవండి. ఆగాలనిపిస్తే ఆగండి. మిమ్మల్ని నేను ఆపను, రమ్మనను. గడియారం మాత్రం ఆగదు.”

నడిచాడు. పద్నాలుగు అడుగులకి మలుపు తిరగబోయి, ఇంకా దారుందని గుర్తొచ్చి, ముందుకెళ్ళాడు. ఎంత పొడవైన చోటో! మూడు నిమిషాలకి రెండు వందల పది. నాలుగో నిమిషంలో ఊపిరి బిగుసుకుంది. ఛాతీ నడిమధ్య ఏదో పట్టి లాగినట్టైంది. కళ్ళు తమకు తామే భార్యవైపు తిరిగాయి. ఆమె బెంచీ మీద ముందుకి వంగి, సంచీ పిడిని రెండు చేతులా బిగించి పట్టుకుని ఉంది.  ఆ చేతులు లేవవు. ఎంత కావాలనుకున్నా లేవవు.

అతనే ఆగాడు. గోడ పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని పదకొండు దాకా లెక్కపెట్టాడు. లాగుడు సద్దుమణిగింది. తీగ తెగలేదు. మడమ దించాడు. తర్వాత వేళ్ళు.

“నాలుగు వందల ఆరు,” అంది ఫిజియో అమ్మాయి. ఆమె మొహం విప్పారింది. ఇంకో గదిలో ఈసీజీ తీసి, రక్తపోటు చూసి, డాక్టరు సంతకం చేశాడు. ఇంకో నెల నేలమీద తేలికపాటి పని, తర్వాత నడుముకి బెల్టు కట్టుకుని, తోడు మనిషితో నిచ్చెన పరీక్ష. అన్నీ సవ్యంగా ఉంటే కేబిన్.

ఆఖర్న ఒక కాగితం మిగిలింది. కంపెనీది. ఇంత పెద్ద ఆపరేషను తర్వాత ఎత్తులో పనికి పంపాలంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. ఫిజియో అమ్మాయి ఆ కాగితాన్ని, కలాన్ని భార్యకిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

నడవా ఖాళీ అయింది. ఆమె కాగితం మొత్తం చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అతను పక్కన కూర్చున్నాడు. పన్నెండు వారాలు మోసిన స్టోరు రూము ఇప్పుడు ఆమె చేతిలో అర పేజీ అంత ఉంది.

“పెట్టకపోతే?” అంది.

“స్టోరు.”

“బతికుంటారు.”

“ఉంటాను.”

ఆమె కలం మూత తీసి మళ్ళీ పెట్టేసింది. “మీకు పైన ఎప్పుడూ భయం లేదన్నారు. ఆపరేషనుకి తీసుకెళ్ళేటప్పుడు కూడా నవ్వుతూ వెళ్ళారు. ఇంట్లో ఎవరో ఒకరు భయపడాలి కదండీ. పంతొమ్మిదేళ్ళూ మీ వాటా కూడా నేనే భయపడ్డాను. బళ్ళో పాఠం చెప్తూ చెప్తూ కిటికీలోంచి గాలి చూసేదాన్ని. ఆ రోజు నా చెయ్యి దాటుకుని పోయారు చూడండి, అప్పుడనిపించింది, ఈయనకి నా భయం కూడా అక్కర్లేదని.”

అతను దగ్గాడు. చేతిలో దిండు లేదు, అరచేతులే ఛాతీకి అదిమి దగ్గాడు.

“నాకు భయమే,” అన్నాడు.

ఆమె తల తిప్పింది.

“మొదటిరోజు నుంచీ భయమే. లోపల కట్టారే ఆ తీగ, అది తెగుతుందని. తుమ్మితే తెగుతుందని. రాత్రిళ్ళు కదలకుండా పడుకునేది అందుకే, డాక్టరు చెప్పాడని కాదు. నాకు ఆగాలనుండేది. ఆగడానికే మీకు చేతులెత్తడం నేర్పాను. పైన కూడా అంతే. గాలొస్తే కాళ్ళు వణికేవి. ఎవడో ఆపమన్నాడని అబద్ధం చెప్పి ఆపేవాణ్ణి. ఇప్పుడు కూడా భయమే. ఇందాక గోడ పట్టుకున్నప్పుడు చచ్చేంత భయమేసింది.”

చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. యాభై రెండేళ్ళ మనిషి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా ఏడ్చాడు. ఆమె చెంగుతో అతని మొహం తుడిచింది. తుడుస్తూ తనూ ఏడ్చింది. కొంచెం నవ్వింది కూడా.

“ఇన్నాళ్ళు ఈ ముక్క చెప్పడానికి ఏమొచ్చింది మీకు?”

“సిగ్గేసింది.”

“మళ్ళీ ఎక్కాలనుందా? నిజం చెప్పండి.”

“ఉంది. భయమూ ఉంది. రెండూ ఉన్నాయి.”

 ఆమె కాగితాన్ని సంచీ మీద పెట్టి చదును చేసింది.

“పైన భయమేస్తే దిగొచ్చెయ్యండి. ఎవరైనా అడిగితే మా ఆవిడ ఒప్పుకోలేదని నామీద తోసెయ్యండి. ఆ మాట నేను పడతాను.”

“వద్దు,” అన్నాడతను. “నాకే భయమేసి దిగానని చెప్తాను.”

ఆమె సంతకం పెట్టింది.